కాటన్ దొరగారు

మన సంఘాల పనిమీద రాజోలు వైపు వెళ్లేవారు గన్నవరం అక్విడక్టు దాటక తప్పేది కాదు. మొదట సైకిలు మీద, పిమ్మట బస్సులో మేమూ ఎన్నో మారులు దాటాము. వైనతేయ పాయమీద 49 కమానులు నిలిపి, క్రింద నది, పైన కాలువ పారునట్లు చేసిన పాత కట్టడమది. ఆ కాలువ నీళ్లే నగరం లంకను పండించాయి. ఈ శతవార్షిక సంచికకు ఎవరిని గూర్చి వ్రాయుదుమా అనుకొన్నప్పుడు మాకు ఆ కమానులే కన్నులయెదుట నిలిచాయి.

ఆర్థర్ కాటన్ గారు 1803 మే 15న ఇంగ్లాండులో పుట్టారు. 1821లో మద్రాసు సైన్యపు ఇంజనీరుగా మన దేశము వచ్చారు. తంజావూరు సీమలో కావేరి, కొల్లిడము పనులలో ఆరితేరారు.

మన గోదావరి సీమ అప్పటికి చితికిపోయి ఉంది. 1832-33లో నందన కరువు, 1839లో కోరంగి ఉప్పెన. జనము తగ్గిపోయారు, శిస్తు పడిపోయింది. ప్రభుత్వమువారు ఊరక కూర్చున్నారనుట న్యాయము కాదు. కరువు రాగానే శిస్తు తగ్గించుట, గండి పడగానే పూడ్చుట, మరుసటి ఏడు మరల అదే. ప్రతిదీ తొందర పనియే, ఏ ఒక్కటీ అనవసరమని అనలేము. అయినను గోదావరి సముద్రములోనికి పోతూనే ఉంది, ప్రక్కనే పొలము ఎండుతూనే ఉంది.

ఇక్కడ మా సంగతి ఒకటి దాచక చెప్పవలెను. కొన్నేండ్ల క్రిందట మా పాస్టరేటులో మంచము పట్టిన ఒక వృద్ధుడు, ఒక పూట వచ్చి తనతో కూర్చోమని కబురు పెట్టారు. ఆ వారము కమిటీ, పై వారము ఆడిట్, ఆ తరువాత గోడ కట్టుట, నడుమ సర్టిఫికెట్ల కొరకు వచ్చేవారు. మేము ఒక్కనాడైనా సోమరిగా ఉండలేదు. చివరకు ఆ యింటికి వెళ్లినది భూస్థాపనకే. ఆయన మాతో ఏమి చెప్పదలచారో ఆ యింటివారికీ తెలియదు.

కాటన్ గారు చేసినది వేరు. 1844లో మాంట్‌గోమరీ గారు జిల్లా దుస్థితిని విచారించి, ఇంజనీరు చేత పరీక్ష చేయించుమని వ్రాశారు. అప్పుడు కాటన్ గారి ఆరోగ్యము అంతంతమాత్రమే. అయినను గండ్ల లెక్క వ్రాసి ఊరుకొనక డెల్టా అంతా తిరిగారు. గుఱ్ఱము మీదనే అరటిపండ్లు తిని పొద్దుపుచ్చేవారని మన పెద్దలు చెప్పుకొంటారు. కథయే కావచ్చు, వినుటకు ఇంపుగా ఉంటుంది. డెల్టాలో నది ఒడ్డు ఎత్తు, దూరము పోయినకొలది పల్లము. కనుక తలాపున ధవళేశ్వరము వద్ద నీటిమట్టము పెంచితే కాలువలలో నీరు తనంతట తానే పారుతుంది. ఉన్న డబ్బు మరమ్మతులకే చాలనప్పుడు ఇంత పెద్ద పని అడుగుటకు గుండెధైర్యము కావలెను.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట లేచింది. వేలమంది కూలీలను సమకూర్చి నడిపించుటలో వీణెం వీరన్న గారు ఆయనకు కుడిభుజము. నరసాపురములో స్థిరపడిన బౌడెన్, బీర్ దొరల సువార్త పనికి కూడ కాటన్ గారు అండగా నిలిచారు. నడుమ 1848లో ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చింది. ఆ కాలములో ఓర్ గారు పని ఆగనీయలేదు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

అక్విడక్టు కట్టినవారు ఆయన క్రింద పనిచేసిన యువకుడు హేగ్ గారు. ఎగువ గోదావరి పనులమీద దుమ్మగూడెములో ఉండగా ఆయనే 1860లో అక్కడి కోయవారి మధ్య మిషను ఆరంభమగుటకు కారకులయ్యారు. ఇంజనీరుకు అది ఏ ఫైలులోనూ లేని పని.

కాటన్ గారు దొరతనపు కొలువు విడిచినా నీటిని విడువలేదు. 1878లో, 75వ ఏట, రైళ్లకంటె కాలువలే ముందు కావలెనని పార్లమెంటు సంఘము ఎదుట వాదించారు. 1899 జూలై 24న డార్కింగ్‌లో కన్నుమూసేనాటికి ఆయన వయస్సు 96. జూలై అంటే మనకు గోదావరి ఎఱ్ఱబడి వచ్చే నెల. అప్పటికి కోనసీమ కాలువలలో నీరు పారుతూ, ఊడ్పులు సాగుతూ ఉంటాయి.