436 మందిని చంపిన పులిని వేటాడాడు.. తర్వాత అడవిలో వేటే వద్దన్నాడు! జిమ్ కార్బెట్ కథ ఇదీ

ఉత్తరాఖండ్‌లోని జిమ్ కార్బెట్ నేషనల్ పార్క్‌కు ఏటా వేల మంది సఫారీకి వెళ్తుంటారు. జింకలు, ఏనుగులు, లక్కుంటే పులి కూడా కనిపిస్తుంది. కానీ అక్కడ వేటాడితే జైలే. విచిత్రం ఏంటంటే, ఆ పార్క్‌కు ఉన్నది ఓ వేటగాడి పేరు!

జిమ్ కార్బెట్ 1875 జులై 25న నైనిటాల్‌లో పుట్టారు. తండ్రి అక్కడే పోస్ట్‌మాస్టర్. జిమ్ చిన్నతనంలోనే ఆయన చనిపోయారు. చలికాలం వస్తే కుటుంబమంతా కాలాఢుంగీకి దిగేది. తుపాకీ పట్టడం, పులి అడుగుజాడలు చదవడం అన్నీ అక్కడి అడవే నేర్పింది. తర్వాత రైల్వే ఉద్యోగంలో బిహార్‌లోని మొకామా ఘాట్‌లో ఏళ్ల తరబడి పనిచేశారు.

1907లో చంపావత్ ఆడపులి ఆయన జీవితాన్ని మార్చేసింది. నేపాల్‌లో, కుమావోన్‌లో కలిపి 436 మందిని అది పొట్టనబెట్టుకుందని లెక్క. వేటకు వెళ్లే ముందు కార్బెట్ రెండు కండిషన్లు పెట్టారు. ప్రభుత్వం ప్రకటించిన రివార్డు రద్దు చేయాలి, మిగతా వేటగాళ్లను వెనక్కి పిలవాలి. డబ్బు కోసం వేటాడే మనిషి అనిపించుకోవడం ఆయనకు అస్సలు ఇష్టం లేదు.

పులి చచ్చాక అసలు విషయం బయటపడింది. దాని నోట్లో కుడివైపు కోరలు విరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన తూటా దెబ్బ అది! మామూలు జంతువుల్ని వేటాడలేకే మనుషుల మీద పడింది. ఆ తర్వాత ఆయన చంపిన చాలా మ్యాన్‌ఈటర్లలోనూ ఇదే కథ. కొన్నింటికి తూటా గాయాలు, కొన్నింటికి ముళ్లపంది ముళ్లు. అంటే సరదా వేట మిగిల్చిన గాయానికి ఊళ్లు మూల్యం చెల్లించాయన్నమాట.

1926లో రుద్రప్రయాగ్ చిరుతను చంపి దేశమంతా ఫేమస్ అయ్యారు. అప్పటికే తుపాకీ కన్నా కెమెరా మీద మనసు పోతోంది. పులుల్ని సినీ కెమెరాతో షూట్ చేయడం మొదలుపెట్టారు. వేటకు తావులేని అడవి ఒకటి ఉండాలని కోరినవాళ్లలో ఆయనా ఒకరు. 1936లో గవర్నర్ మాల్కం హేలీ పేరుతో దేశంలో మొదటి నేషనల్ పార్క్ వచ్చింది. దాని హద్దులు గీయడంలో కార్బెట్ సాయపడ్డారు. మొదట్లో విస్తీర్ణం 323 చదరపు కిలోమీటర్లకు కాస్త పైనే.

అలాగని ఆయన్ను పూర్తిగా మారిన మనిషి అనుకుంటే పొరపాటే. 1930లో పోవల్‌గఢ్ దగ్గర భారీ మగపులిని కాల్చారు. అది ఏ మనిషినీ తినలేదు, దాని సైజే దానికి శత్రువైంది. పార్క్ వచ్చాక కూడా వైస్రాయ్ లిన్‌లిత్‌గో వేట ట్రిప్పులకు ఏర్పాట్లు చేశారు. పార్క్ గీత లోపల ఒక రూల్, బయట ఇంకోటి!

1947లో అక్క మ్యాగీతో కలిసి కెన్యా వెళ్లిపోయారు. 1955 ఏప్రిల్ 19న అక్కడే చనిపోయారు. ఆ తర్వాతే పార్క్‌కు ఆయన పేరు పెట్టారు. ఆ గీత బయట కూడా పులి వేటకు చట్టపరంగా గట్టి బ్రేక్ వేసింది మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. మరుసటి ఏడాది ప్రాజెక్ట్ టైగర్ కార్బెట్ పార్క్ నుంచే మొదలైంది. మన నల్లమలలోని నాగార్జునసాగర్-శ్రీశైలం 1983లో ఆ లిస్టులో చేరింది.