కరెంటు పారాలి.. కానీ పారలేదు! ఆ చిక్కుముడి విప్పిన సైంటిస్ట్ నెవిల్ మాట్ కథ ఇదీ

రాగి తీగలో కరెంటు పారుతుంది. గాజులో పారదు. ఎందుకు? 1930ల మొదట్లోనే సైంటిస్టులు దీనికి లెక్క తేల్చేశారు. ఎలక్ట్రాన్ల ఎనర్జీ బ్యాండ్ పూర్తిగా నిండిపోతే కరెంటు పారదు. అందులో ఖాళీ ఉంటే పారుతుంది. అంతే, ఇక తేలిపోయిందనుకున్నారు. అప్పుడే నికెల్ ఆక్సైడ్ అనే ఆకుపచ్చ పదార్థం అడ్డం తిరిగింది. లెక్క ప్రకారం బ్యాండ్‌లో ఖాళీ ఉంది. కరెంటు మాత్రం పారట్లేదు!

ఈ తిరకాసుతో పేరు ముడిపడిపోయిన బ్రిటిష్ శాస్త్రవేత్తే నెవిల్ మాట్.

1905 సెప్టెంబర్ 30న ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో పుట్టారు. అమ్మా నాన్నా ఇద్దరూ కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ల్యాబ్‌లో పనిచేసినవాళ్లే. పదేళ్లు వచ్చేదాకా స్కూల్ మొహం చూడలేదు, ఇంట్లో అమ్మే చదువు చెప్పింది. తర్వాత కేంబ్రిడ్జ్‌లో చదివి, కోపెన్‌హాగన్‌లో నీల్స్ బోర్ దగ్గర కొన్నాళ్లు పనిచేశారు. పీహెచ్‌డీ మాత్రం చేయలేదు. అయినా 1933లో, ముప్పై ఏళ్లు నిండకముందే బ్రిస్టల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిపోయారు.

అప్పట్లో హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకొచ్చిన చాలామంది సైంటిస్టులకు బ్రిస్టల్ నీడనిచ్చింది. మాట్ దగ్గర పీహెచ్‌డీ చేసిన వాళ్లలో క్లాస్ ఫుక్స్ ఒకరు. అవును, అణుబాంబు రహస్యాలను సోవియట్ యూనియన్‌కు చేరవేసి 1950లో పట్టుబడిన ఫుక్సే!

సరే, అసలు కథకొద్దాం. 1937లో బ్రిస్టల్‌లో ఒక సదస్సు జరిగింది. నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ కంపెనీ సైంటిస్టులు డి బోయర్, వెర్వే నికెల్ ఆక్సైడ్ సంగతి అక్కడ బయటపెట్టారు. దానికి జవాబు మొదట తట్టింది మాట్‌కి కాదు, జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన రుడాల్ఫ్ పయర్ల్స్‌కి. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయన్న విషయాన్నే పాత లెక్క పక్కనపెట్టేసిందని ఆయన చెప్పారు. మాట్ ఆ మాటను పయర్ల్స్ పేరుతోనే అచ్చువేయించారు. కానీ ఇవాళ ప్రపంచం ఇలాంటి పదార్థాలను పిలిచేది మాట్ ఇన్సులేటర్లనే. పయర్ల్స్‌కి కాస్త అన్యాయం జరిగిందనే చెప్పాలి.

ఇంతకీ ఏం జరుగుతోందక్కడ? ఒక బస్సు ఊహించుకోండి. సీటుకొక్కరు కూర్చున్నారు. ఒక సీట్లో ఇద్దరు ఇరుక్కుని కూర్చునే చోటు లేకపోలేదు. కానీ ఎవరూ పక్కవాళ్లని దగ్గరకు రానివ్వట్లేదు. అలాంటప్పుడు ఎవరైనా సీటు మారగలరా? అందరూ ఉన్నచోటే బిగుసుకుపోతారు. ఎలక్ట్రాన్లదీ అదే పరిస్థితి. పరమాణువుకొకటి చొప్పున ఇరుక్కుపోతే ఇక కరెంటెక్కడిది?

పన్నెండేళ్ల తర్వాత, 1949లో, మాట్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. పరమాణువులను దగ్గరికి జరుపుతూ పోతే ఒక దశలో ఇన్సులేటర్ ఉన్నట్టుండి లోహంలా మారిపోతుందని వాదించారు. తర్వాత వనేడియం ఆక్సైడ్లలో అలాంటి మార్పే కనిపించింది. వాటిలో ఒకదాన్ని మైనస్ 120 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే చాలు, కరెంటుకు అడ్డు లక్షల రెట్లు పెరిగిపోతుంది.

ఇందులో అయస్కాంతం గొడవ కూడా ఉంది. కదలకుండా కూర్చున్న ప్రతి ఎలక్ట్రానూ ఒక బుల్లి అయస్కాంతమే. నికెల్ ఆక్సైడ్‌లో ఇవి ఒకటి పైకి, ఒకటి కిందికి తిరిగి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కరెంటును ఆపుతున్నది ఈ అమరికేనని 1951లో అమెరికన్ సైంటిస్ట్ జాన్ స్లేటర్ వాదించారు. మరి వేడిచేస్తే? దాదాపు 250 డిగ్రీలు దాటగానే ఆ అమరిక చెదిరిపోతుంది. నికెల్ ఆక్సైడ్ మాత్రం అప్పుడూ ఇన్సులేటర్‌గానే ఉంటుంది. ఈ విషయంలో మాట్‌దే పైచేయి.

ఫోన్‌లో ఫొటోలు తీసే జనరేషన్‌కి ఇంకో ముచ్చట. పాత ఫిల్మ్ కెమెరాలో వెలుగు పడగానే బొమ్మ ఎలా ముద్రపడుతుందో 1938లో రొనాల్డ్ గర్నీతో కలిసి వివరించింది కూడా మాటే.

1954లో అమ్మానాన్నలు పనిచేసిన కావెండిష్ ల్యాబ్‌కే అధిపతిగా వెళ్లారు. 1962లో సర్ బిరుదు వచ్చింది. 1971లో రిటైరయ్యారు. నోబెల్ వచ్చింది ఆ తర్వాతే! 1977లో ఫిలిప్ ఆండర్సన్, జాన్ వాన్ వ్లెక్‌లతో కలిసి ఫిజిక్స్ నోబెల్ అందుకున్నారు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు.

అసలు ట్విస్ట్ 1986లో. స్విట్జర్లాండ్‌లోని ఐబీఎం ల్యాబ్‌లో బెడ్నోర్జ్, ముల్లర్ ఒక రాగి ఆక్సైడ్‌లో సూపర్ కండక్టివిటీ కనిపెట్టారు. అంటే ఏ అడ్డూ లేకుండా కరెంటు పారడం. అదీ అంతవరకూ ఎవరూ చూడనంత ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర. ఈ పదార్థానికి మూలం ఏంటో తెలుసా? కరెంటు పారనివ్వని మాట్ ఇన్సులేటర్! కొన్ని ఎలక్ట్రాన్లు తీసేస్తే, అంటే బస్సులో కొన్ని సీట్లు ఖాళీ అయితే, మిగతావి కదలడం మొదలుపెట్టాయి.

అప్పటికి 81 ఏళ్ల మాట్ మళ్లీ పెన్ను పట్టారు. అలెగ్జాండ్రోవ్ అనే సైంటిస్ట్‌తో కలిసి దీనిపై సొంత సిద్ధాంతం తయారుచేశారు. 1994లో ఇద్దరూ కలిసి పుస్తకం కూడా తెచ్చారు. ఆ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు.

1996 ఆగస్టు 8న, 90 ఏళ్ల వయసులో మాట్ కన్నుమూశారు. ఆ రాగి ఆక్సైడ్లలో ఎలక్ట్రాన్లు జతకట్టడానికి కారణమేంటన్న దానిపై సైంటిస్టులు ఇంకా ఒక మాట మీదకు రాలేదు.