పురపాలనలో 40 ఏళ్ళు: మన పిట్టి త్యాగరాయ చెట్టి

చెన్నైలో పండుగ బట్టలకు టి.నగర్ వెళ్ళని తెలుగు కుటుంబం అరుదు. ఆ ‘టి’ అనే అక్షరం వెనుక ఉన్నది త్యాగరాయ నగర్ అనీ, ఆ త్యాగరాయ మన తెలుగువాడేననీ మన పిల్లల్లో చాలామందికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పిట్టి త్యాగరాయ చెట్టి 1852 ఏప్రిల్ 27న తెలుగు మాట్లాడే దేవాంగుల ఇంట పుట్టారు. నేత ఆ ఇంటి కులవృత్తి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పట్టా పుచ్చుకున్నా సర్కారు కొలువు వైపు చూడలేదు. ఉత్తర మద్రాసులో మగ్గాలు పెట్టించి నేత వ్యాపారం సాగించారు.

1882లో మద్రాసు నగరపాలక సంస్థలో సభ్యుడిగా అడుగుపెట్టారు. సుమారు 40 ఏళ్ళు ఆ సభతోనే ఆయన జీవితం ముడిపడింది. నీళ్ళు, మురుగు కాలువలు, దీపాలు, వీధులు, బడులు: సభలో రోజూ వచ్చే విషయాలివే. 1872లో ఎర్రకొండల చెరువు నీళ్ళు ఊళ్ళోకి రావడం, 1914లో కీల్‌పాక్కం నీటి శుద్ధి కేంద్రం పని మొదలుపెట్టడం, ఈ రెండూ ఆయన కళ్ళముందే జరిగాయి.

ఆ సభలోనే డాక్టర్ టి.ఎం.నాయర్ కూడా సభ్యుడు. ఒకరు వీధి గుమ్మంలోంచి వస్తే మరొకరు పెరటి గుమ్మంలోంచి వెళ్ళేంత వైరం ఇద్దరికీ. వాళ్ళ మధ్య చిచ్చు పెట్టిన వాటిలో ఒక చెరువు తగాదా కూడా ఉంది. డాక్టర్ సి.నటేశ ముదలియార్ పూనుకుని ఇద్దరినీ కలిపారు. 1916లో వాళ్ళు స్థాపించినదే జనం జస్టిస్ పార్టీగా పిలుచుకున్న సంఘం. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచింది. మంత్రివర్గం ఏర్పాటు చేయమని గవర్నరు పిలిస్తే చెట్టిగారు ఒప్పుకోలేదు. ముఖ్యమంత్రి పదవి సుబ్బరాయులు రెడ్డియార్‌కు దక్కింది. ఆయన మాత్రం నగర సభను వదల్లేదు.

ఆ రోజుల్లో మద్రాసులో మేయరు లేడు, అధ్యక్షుడే పెద్ద. అంతవరకూ ఆ కుర్చీలో సర్కారు అధికారులే కూర్చునేవారు. అధికారి కాని తొలి అధ్యక్షుడు త్యాగరాయ చెట్టి. వేయి దీపాల ప్రాంతంలోని నగర బడిలో పేద పిల్లలకు మధ్యాహ్నం పూట ఫలహారం పెట్టాలని 1920లో ఆయన హయాంలో సభ తీర్మానించింది. బిడ్డకు రోజుకు అణా దాటకూడదని లెక్క కట్టారు. బడి కట్టాం, పంతులును పెట్టాం, ఇక చాలని ఊరుకోలేదు. పిల్లలు ఎందుకు రావడం లేదని ఆలోచించారు. కడుపు ఖాళీగా ఉందని తేలింది. తరువాత మరి నాలుగు బడులకు ఆ ఏర్పాటు పాకింది, హాజరు పెరిగింది.

కానీ ప్రాథమిక విద్యా నిధి నుంచి ఆ ఖర్చు పెట్టడానికి వీల్లేదని పైనుంచి అభ్యంతరం వచ్చింది. 1925 ఏప్రిల్ 1న ఫలహారం ఆగిపోయింది. ఆ ఏడాదే త్యాగరాయ చెట్టి కన్నుమూశారు. ఆయన వేసిన విత్తనం మాత్రం చావలేదు. తరువాత కామరాజ్ హయాంలో, ఎం.జి.ఆర్. హయాంలో రాష్ట్రమంతటా పిల్లల అన్నమై మొలిచింది.

ఆయనలో, ఆయన పార్టీలో లోపాలు లేవని మేము చెప్పం. 1921 మిల్లుల సమ్మె నాటి గొడవల తరువాత ఆది ద్రావిడులు ఆ పార్టీకి దూరమయ్యారు. వాళ్ళ నాయకుడు ఎం.సి.రాజా 1923లో బయటికి వచ్చేశారు. అందరి గోడూ వినిపించుకోవడం ఎంత పెద్దవారికైనా కష్టమే.

ఈ సంగతులు ఇప్పుడెందుకంటారా? ఈ మధ్య మా వార్డులో నగర సేవలపై తృప్తిగా ఉన్నారా అని అడిగే ఫారాలు పంచారు. నీళ్ళకో గడి, చెత్తకో గడి, దీపాలకో గడి. మా సంఘం తరఫున ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళకు చదివి వినిపించాం, ఎందుకంటే ఫారం తెలుగులో లేదు. ఒక ముసలావిడ అంతా విని, మనవడి బడిలో తెలుగు పంతులమ్మ రిటైరై రెండేళ్ళయింది, అది ఎక్కడ రాయాలి నాయనా అని అడిగింది. దానికి గడి లేదు.

జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవాళ్ళం, ఒక్కటి చెప్పగలం. కాగితం మీద లేని బాధ ఆఫీసులో లేనట్టే. అందుకే తెల్లకాగితం మీద ఆవిడ మాట రాసి, వేలిముద్ర వేయించి, ఫారానికి కుట్టి ఇచ్చి రసీదు తీసుకున్నాం. జవాబు ఇంకా రాలేదు. మీ ఊళ్ళోనూ ఇటువంటి ఫారాలు వస్తే గడులు నింపి వదిలేయకండి, గడిలో పట్టనిది విడిగా రాసి జతచేయండి. వేయి దీపాల బడి పిల్లల ఆకలి కూడా ఒకప్పుడు ఏ గడిలోనూ లేనిదే.