కోపానికి చికిత్స చెప్పిన ఆచార్య బుద్ధఘోషుడు

క్రీ.శ. 5వ శతాబ్దికి చెందిన ఆచార్య బుద్ధఘోషుడు బోధగయ సమీపాన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడని, వాదాలలో మేటిగా సంచరిస్తూ రేవత స్థవిరుని చేతిలో ఓడి భిక్షువయ్యాడని సింహళ చరిత్ర గ్రంథం 'చూళవంసం' చెబుతున్నది. ఆయన గ్రంథాల చివరి వాక్యాలు మాత్రం కంచితోను, దక్షిణాపథంతోను సంబంధాన్ని సూచిస్తున్నాయి. ఆయనను ఆంధ్రునిగా భావించిన పండితులూ ఉన్నారు.

మహానామ రాజు కాలంలో ఆయన అనురాధపురంలోని మహావిహారానికి వెళ్లి, సింహళ అట్ఠకథలను పాలిలోకి తెచ్చేందుకు అనుమతి కోరాడు. స్థవిరులు పరీక్షార్థం రెండు గాథలిచ్చారు. వాటి వివరణగా వెలువడినదే 23 అధ్యాయాల 'విసుద్ధిమగ్గం'.

అందులోని 9వ అధ్యాయం మైత్రీభావనను బోధిస్తుంది. సాధన తనతోనే మొదలవుతుంది. ఆపై ఆత్మీయునికి, తటస్థునికి, చివరకు శత్రువుకు విస్తరిస్తుంది. శత్రువు తలపుకు రాగానే కోపం రగులుతుందని ఆచార్యునికి తెలుసు. అందుకు సాధకుని నిందించలేదు. ఒక ఉపాయం ఫలించకుంటే మరొకటి చూపాడు. ఎదుటివానిలోని ఒక్క మంచి గుణాన్నైనా తలచుకోమన్నాడు. పరులపై విసరడానికి నిప్పుకణిక పట్టినవాని చేయే ముందు కాలుతుందని హెచ్చరించాడు. కోపం ఎవరిమీద, అతని వెంట్రుకల మీదనా, గోళ్ల మీదనా అని విడదీసి చూడమన్నాడు. ఏదీ పనిచేయకుంటే అతనికి ఒక కానుక ఇమ్మన్నాడు, లేదా అతని నుండి స్వీకరించమన్నాడు.

ఉద్వేగాన్ని లోలోపల అణచుకోవడం వేరు, సంఘటనకు మనమిచ్చే అర్థాన్ని మార్చుకోవడం వేరు అని నేటి మనస్తత్వశాస్త్రం వివేచిస్తున్నది. బుద్ధఘోషుని ఉపాయాలలో అనేకం రెండవ కోవకు చెందినవేనని మేము భావిస్తున్నాము. అయితే ఆయన లక్ష్యం మనశ్శాంతితో ఆగదు. అది దుఃఖ విముక్తి.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలలో సకల ప్రాణుల పట్ల దయ ఒకటి. తరతరాల అవమానాన్ని మోసినవారికి ఆ ప్రతిజ్ఞ సులభం కాదు. మైత్రి అంటే అన్యాయానికి తలవంచడమని కొందరు శంకిస్తారు. మేము అలా తలచము. అన్యాయాన్ని ఎదిరించవలసినదే, ఎదిరించే చేయి కాలిపోకూడదు. ఆ చేతిని కాపాడుకునే విధానాన్ని బుద్ధఘోషుడు మెట్టుమెట్టుగా రాసిపెట్టాడు. ఒక మెట్టుపై జారినవాడు తన దీక్షనే శంకించనక్కరలేదు. మరో మెట్టు ఉన్నది.