పందుల ఫ్లూ గుట్టు విప్పిన రిచర్డ్ షోప్

2009 మే నెలలో మన దేశంలోని తొలి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాదులో నిర్ధారణ అయింది. మారేడ్‌పల్లి మొదలు చార్మినారు వరకు జంటనగరాలలో ఆ పేరు మారుమ్రోగింది. పందులలో వచ్చే ఈ జబ్బుకు వైరస్ మూలమని అంతకు సుమారు ఎనభై ఏళ్ళ క్రితమే నిరూపించిన శాస్త్రవేత్త రిచర్డ్ షోప్.

ఆయన 1901 డిసెంబరు 25న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక వైద్యుని ఇంట జన్మించారు. తానూ వైద్యవిద్య పూర్తిచేసి, ప్రిన్స్‌టన్‌లోని రాక్‌ఫెలర్ సంస్థ ప్రయోగశాలలో పాల్ లూయిస్ వద్ద పరిశోధన ప్రారంభించారు.

1918లో ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి ఒక్క భారతదేశంలోనే కోటి మందికి పైగా ప్రజలను బలిగొన్నది. అదే ఏడు అయోవాలో పందులకూ జ్వరం, దగ్గు, ఆయాసం సోకాయి. మనుషుల జబ్బే పందులకు సంక్రమించిందని కోయన్ అనే పశువైద్యుడు గ్రహించాడు. కాని ఆ మాటకు తగిన ఆదరణ లభించలేదు. పదేళ్ళ తరువాత స్వరాష్ట్రానికి వెళ్ళిన షోప్ ఆ వ్యాధిని కళ్ళారా చూశారు.

గురుశిష్యులు జబ్బుపడిన పందులలో ఒక బాక్టీరియాను గుర్తించారు. దానిని ఆరోగ్యవంతమైన పందులకు ఎక్కించి చూడగా వ్యాధి రాలేదు. ఇంతలో, 1929లో, పచ్చజ్వరంపై పరిశోధనకై బ్రెజిల్ వెళ్ళిన లూయిస్ ఆ జ్వరానికే బలి అయ్యారు. గురువును కోల్పోయినా షోప్ పని విడువలేదు. రోగగ్రస్తమైన పందుల శ్వాసకోశ స్రావాన్ని బాక్టీరియా సైతం దూరలేని వడపోత గుండా పంపారు. వడకట్టిన ఆ ద్రవం పందులలో స్వల్ప జ్వరాన్ని కలిగించింది. దానికి బాక్టీరియా తోడైనప్పుడు వ్యాధి తీవ్రరూపం దాల్చింది. వడపోతను దాటినది వైరస్ అని 1931లో ఆయన లోకానికి వెల్లడించారు.

1933లో లండన్ శాస్త్రవేత్తలు మానవ ఫ్లూ వైరస్‌ను వేరుచేశారు. 1918 నాటి మహమ్మారిని చూసిన పెద్దల రక్తంలో పందుల వైరస్‌ను నిర్వీర్యం చేసే ప్రతిరక్షకాలు ఉన్నాయనీ, ఆ తరువాత పుట్టిన పిల్లలలో అవి లేవనీ షోప్ పరీక్షలలో తేలింది. కోయన్ ఊహకు ఆ విధంగా బలం చేకూరింది.

షోప్ కాలంలో వైరస్‌ను పరీక్షించాలంటే ప్రాణమున్న జంతువే శరణ్యం. 1949లో ఎండర్స్ బృందం పోలియో వైరస్‌ను గాజుపాత్రలోని కణాలలో పెంచిన పిమ్మట ఆ కష్టం తగ్గింది. జంతువుల మూత్రపిండ కణాలను సీసాలో పెంచి, వాటిపై రోగి నమూనాను వేస్తారు. వైరస్ ఉంటే కణాలు క్రమంగా చెడిపోతాయి. ఫలానా వైరస్‌ను అణచే ప్రతిరక్షకాలను ముందే కలిపినప్పుడు కణాలు చెడకుండా నిలిస్తే, ఆ వైరస్ ఏదో తెలిసినట్లే. దీనినే కణవర్ధన పద్ధతి అంటారు.

షోప్ 1966లో కన్నుమూశారు. పల్లెలో ఒక పశువైద్యుడు చెప్పిన మాటను తేలికగా త్రోసిపుచ్చక, ఓపికతో పరీక్షించి నిగ్గుతేల్చిన ఆయన జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.