పెనాల్టీని అవమానంగా భావించిన ఆటగాడు: సి.బి. ఫ్రై

మన బడి మైదానంలో ఫుట్‌బాల్ ఆడినవాళ్లకు ఒక గొడవ గుర్తుండే ఉంటుంది. అవతలి జట్టువాడు కింద పడితే నటన, మనవాడు పడితే ఫౌల్. మనకు వ్యతిరేకంగా ఈల ఊదితే డ్రిల్లు మాస్టారికి కళ్లు కనపడవని గొణుక్కునేవాళ్లం. ఈ రెండు కొలతల అలవాటు ఎంత పాతదో చార్లెస్ బర్జెస్ ఫ్రై జీవితం చెబుతుంది.

ఆయన 1872 ఏప్రిల్ 25న ఇంగ్లండ్‌లోని క్రాయిడన్‌లో జన్మించారు. రెప్టన్ స్కూల్లోనూ, ఆక్స్‌ఫర్డ్ వాధామ్ కాలేజీలోనూ చదువుకున్నారు. ఆటల్లో ఎందులోనూ వెనకబడలేదు. 1893లో 23 అడుగుల 6½ అంగుళాలు దూకి లాంగ్‌జంప్ ప్రపంచ రికార్డును సమం చేశారు. ససెక్స్ క్రికెట్ జట్టులో మన రంజిత్‌సింహ్‌జీకి ప్రాణమిత్రుడు.

ఫుట్‌బాల్లో ఆయన కొరింథియన్ క్లబ్ మనిషి. డబ్బు తీసుకోకుండా ఆడే చదువుకున్న కుటుంబాల వాళ్ల జట్టు అది. 1891లో ఐర్లండ్ గోల్‌కీపర్ విలియం మెక్‌క్రమ్ ప్రతిపాదన మీద పెనాల్టీ కిక్ నిబంధన వచ్చింది. గోల్ ఖాయమనుకున్న బంతిని చేత్తో ఆపడం, కావాలని కాలు అడ్డంపెట్టి పడేయడం అప్పటికే మామూలైపోయాయి. అయినా ఫ్రైకి ఆ నిబంధన నచ్చలేదు. పెద్దమనుషులు కావాలని మోసం చేస్తారని చట్టమే అనుమానించడం ఆయనకు అవమానంగా తోచింది. కొరింథియన్లు పెనాల్టీని కావాలనే బయటికి కొట్టేవారని, తమ మీద ఇస్తే గోల్‌కీపర్ పక్కకు తప్పుకునేవాడని నేటికీ చెప్పుకుంటారు.

కానీ ఆట ఫ్రైని కూడా పరీక్షించింది. 1901లో ఇంగ్లండ్ తరఫున ఆడిన ఆయన, 1902లో సౌతాంప్టన్ జట్టుతో ఎఫ్.ఎ. కప్ ఫైనల్ చేరారు. చివరి నిమిషాల్లో సౌతాంప్టన్ కొట్టిన గోల్ ఆఫ్‌సైడ్ అని షెఫీల్డ్ యునైటెడ్ వాళ్లు మొత్తుకున్నారు. రిఫరీ వినలేదు, మ్యాచ్ 1-1తో ముగిసింది. వారం తర్వాత జరిగిన రీప్లేలో షెఫీల్డ్ 2-1తో గెలిచింది.

అంతకన్నా పెద్ద పరీక్ష క్రికెట్లో ఎదురైంది. ఫ్రై బంతి వేయడం లేదు, విసురుతున్నాడని 1898లో అంపైర్ జిమ్ ఫిలిప్స్ నోబాల్ ఇచ్చారు. తన బౌలింగులో తప్పు లేదని ఫ్రై గట్టిగా నమ్మారు. 1901లో అదే ఫిలిప్స్, లాంకషైర్ బౌలర్ ఆర్థర్ మోల్డ్‌కు ఒకే మ్యాచ్‌లో 16 సార్లు నోబాల్ ఇచ్చారు. మోల్డ్ జీతానికి ఆడే మనిషి, బౌలింగే ఆయన జీవనాధారం. ఆ ఏడాదితో ఆయన ఆట ముగిసింది. ఫ్రై మాత్రం అదే ఏడాది బ్యాట్‌తో వరుసగా ఆరు సెంచరీలు కొట్టి కీర్తి గడించారు. నింద ఒకటే, దెబ్బ మాత్రం ఇద్దరికీ ఒకేలా తగల్లేదు. ఓడితే పోయేది కప్పు మాత్రమే అయినవాడికి నీతి సులువు. పోయేది కూడు అయినవాడికి అంత సులువు కాదు.

ఫ్రై 1908 నుంచి 1950 వరకు మెర్క్యురీ అనే ఓడ మీద నౌకాదళంలో చేరబోయే పిల్లల శిక్షణ బడి నడిపారు. అక్కడి క్రమశిక్షణ కఠినం. ఆ భారమంతా ఎక్కువగా ఆయన భార్య బియాట్రిస్ మోశారు. 1934లో హిట్లర్‌ను కలిసి మెచ్చుకోవడం ఆయన జీవితంలో చెరగని మచ్చ. పెద్దమనిషి అనే ముద్ర మీద అతి నమ్మకం మనిషిని ఎంత దారి తప్పిస్తుందో దానివల్ల తెలుస్తుంది. 1956 సెప్టెంబర్ 7న ఆయన కన్నుమూశారు.

దెబ్బ తగలకపోయినా తగిలినట్టు పడిపోయి రిఫరీని మోసగిస్తే 1999 నుంచి హెచ్చరిక తప్పదు. 2018లో వీడియో రిఫరీ కూడా నిబంధనల్లోకి వచ్చాడు. పెద్దమనుషులకు చట్టం అక్కర్లేదన్న ఫ్రై కల నిలవలేదు. ఒక రకంగా అదే మంచిది, చట్టం అందరినీ ఒకేలా అనుమానిస్తేనే అందరికీ న్యాయం. అయితే పడిపోయినవాడు మనవాడైనా సరే, నిజం ఒప్పుకునే ధైర్యం ఏ కెమెరా ఇవ్వదు. అది బడి మైదానంలోనే రావాలి.