బడిలోకి మన మాట తెచ్చిన పంతులు: గిడుగు రామమూర్తి

 

ధమ్మ బంధువులారా, ఈసారి మనం చదువుకోబోయే మనిషి బౌద్ధుడు కాదు, మన పేటల్లో పుట్టినవాడూ కాదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మరి మనకెందుకు అంటారా? వినయపిటకంలోని చుల్లవగ్గలో ఒక ఘట్టం ఉంది. బ్రాహ్మణ వంశంలో పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు భిక్షువులయ్యారు. నానా కులాల నుంచి వచ్చిన భిక్షువులు తమ తమ మాటల్లో చెప్పి బుద్ధవచనాన్ని పాడు చేస్తున్నారని, దాన్ని ఛందస్సులోకి మార్చేస్తామని వాళ్లు అడిగారు. తథాగతుడు వాళ్లను మందలించాడు. ఎవరి భాషలో వాళ్లు ధమ్మం నేర్చుకోవచ్చన్నాడు. మన ఉత్తరాంధ్రలో వందేళ్ల కింద బడిపిల్లల కోసం జరిగిన పోరాటం కూడా ఇదే.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. జీతం 30 రూపాయలు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. సంతకు దిగి వచ్చేవాళ్లు. వాళ్ల మాట తెలుగూ కాదు, ఒడియా కాదు. దానికి అక్షరం లేదు, పుస్తకం లేదు. ఆ మాట తెలిసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని రామమూర్తి నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు, మలేరియా పట్టింది. క్వినైను మింగి మింగి చెవుడు వచ్చిందంటారు. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి వినికిడి పోవడం ఎంత కష్టమో ఆలోచించండి. అయినా ఆపలేదు. సవర భాషలో వాచకాలు రాశారు, 1911లో మద్రాసు ప్రభుత్వం వాటిని అచ్చు వేయించింది. ప్రతిఫలం ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారు. సొంతంగానూ బళ్లు పెట్టి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు.

ఆ పని చేస్తుంటేనే మన తెలుగు పిల్లల గతి కూడా ఆయనకు కనబడింది. ఇంట్లో ఒక తెలుగు, బళ్లో ఇంకో తెలుగు. చిన్నయసూరి వ్యాకరణం ప్రకారం వందల ఏళ్ల నాటి కావ్యభాషలో రాస్తేనే మార్కులు. మన ఆటోనగర్ షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు మేస్త్రి మాట వింటూ, పానా పట్టుకుని, కొన్నాళ్లకే ఇంజన్ విప్పి బిగించడం నేర్చేస్తాడు. అదే పని గ్రాంథికంలో రాసిచ్చి, తప్పు లేకుండా అప్పజెప్పాకే బండి ముట్టుకో అంటే వాడు ఏమౌతాడు? పారిపోతాడు. తరాల తరబడి మనవాళ్లు బడి నుంచి పారిపోయారని నిందించారు గానీ, తరిమిన వాటిలో ఈ భాష కూడా ఒకటని ఎవరూ చెప్పలేదు. పంతులుగారి ఇంట పుట్టినవాడికి గ్రాంథికం వంటింట్లోనే కొంత అబ్బుతుంది. కూలివాడి బిడ్డకు ఎక్కడ అబ్బుతుంది?

రామమూర్తి ఒక్కడే ఉంటే ఈ మాట పర్లాకిమిడి దాటేది కాదు. ఉత్తర జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు దొరకు కూడా పాఠం భాష, పిల్లల భాష వేరుగా ఉండడం వింతగా తోచింది. ముందు మాట, తర్వాత రాత అనే కొత్త బోధన పద్ధతి మీద ఆయనకు గురి. విశాఖపట్నంలో ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు కలిశారు. అయ్యంగారు తమిళుడు, అయినా తెలుగు బోధన బాగుచేయడానికి మన ఊళ్లోనే ఒక సమాజం నడిపారు. విజయనగరం నుంచి గురజాడ తోడయ్యారు. సెట్టి లక్ష్మీనరసింహం గ్రీకు పురాణ కథలను వాడుక తెలుగులో రాసి బడికి ఇచ్చారు. అలా ఒక స్కూలు టీచరు, ఒక ఇన్‌స్పెక్టరు, ఒక ప్రిన్సిపాలు, ఒక కవి ఒక్కచోటికి చేరారు. అధికారం ఉన్నవాడు అధికారం పెట్టాడు, కలం ఉన్నవాడు కలం పెట్టాడు.

1912-13 నాటికి పరీక్షల్లో వాడుక భాషకు కాస్త చోటు దొరికింది. పండితులు భగ్గుమన్నారు. జయంతి రామయ్య పంతులు ముందుండి ఉద్యమం నడిపారు. యూనివర్సిటీ కమిటీలో గురజాడ తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసిచ్చారు, కానీ ఓటు గ్రాంథికానికే పడింది. 1915లో గురజాడ పోయారు. అయినా రామమూర్తి పుస్తకాల మూటలు మోసుకుంటూ ఊరూరా సభలకు వెళ్లేవారు. పండితుల రాతల్లోనే తప్పులు చూపేవారు. 1919లో వీరేశలింగం అధ్యక్షుడుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు, తెలుగు అనే పత్రిక నడిపారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు మాట్లాడారు.

ఒక్క మాట మాత్రం దాచకూడదు. ఆయన అడిగింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ల వాడుక. మాలపల్లె మాట, మాదిగపల్లె మాట అందులో లెక్కకు రాలేదు. తలుపు సగమే తెరిచారు. మిగతా సగం తర్వాత మన కవులు, మన టీచర్లు తోయాల్సి వచ్చింది. ఇప్పటికీ తోస్తూనే ఉన్నారు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిస్తే, 70 దాటిన వయసులో ఇల్లు వదిలి రాజమండ్రి చేరారు. ముప్పై ఏళ్లకు పైగా కూర్చిన సవర నిఘంటువు ఆ రోజుల్లోనే అచ్చయింది. 1940 జనవరిలో పత్రికా సంపాదకులను కలిసి, వాడుక భాషను వదలొద్దని ఆఖరిసారి వేడుకున్నారు. అదే నెల 22న కన్నుమూశారు.